పదకొండు గులాబీలు, ఒక నర్సరీ, పదమూడు నెలల లెక్క

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక నర్సరీలో నిరుడు కార్తీక మాసంలో పదకొండు గులాబీ మొక్కలు కొన్నాను. వాటిని ఇంటికి చేర్చి కుండీలలో నాటే పనిని, ఈ ఏడాది అక్టోబరులో కొమ్మలు కత్తిరించే పనిని కూడా ఆ నర్సరీ వారికే అప్పగించాను. గులాబీ మొక్క కొన్న నాడు ఎంత అందంగా ఉన్నదో చెప్పడం వల్ల చదివేవారికి ప్రయోజనం లేదు. మా ఊరి ఎండాకాలాన్ని ఒకసారి, వానాకాలాన్ని ఒకసారి దాటి, కత్తిరింపు తరువాత మళ్లీ మొగ్గ తొడిగినప్పుడే అమ్మినవారి పనితనం బయటపడుతుంది కాబట్టి పదమూడు నెలలు ఆగి ఇది రాస్తున్నాను. పదకొండింటిలో ఏడు ఇప్పుడు పూస్తున్నాయి. మూడు చనిపోయాయి. మిగిలిన ఒకటి చావలేదు గానీ, నేను కొన్న మొక్క కాకుండా పోయింది. ఆ విచిత్రం కింద చెబుతాను.

నర్సరీ పేరు రాయడం లేదు. నేను ఎత్తిచూపే లోపాలలో చాలా వరకు నేను ఇంతకుముందు కొన్న మరో రెండు చోట్ల కూడా చూసినవే కనుక, ఒక్కరినే వీధిలో నిలబెట్టడం న్యాయం కాదనిపించింది.

ముందుగా బిల్లు సంగతి. కొమ్మకు ఒకటిగా పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలు నాలుగు, ఒక్కొక్కటి 250 రూపాయలు. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా రకాలు మూడు, ఒక్కొక్కటి 180. బటన్ గులాబీలు రెండు, ఒక్కొక్కటి 80. పన్నీరు గులాబీ ఒకటి, 60. తీగ గులాబీ ఒకటి, 300. మొక్కలకు మొత్తం 2,060 రూపాయలు అయ్యాయి. దానిపైన పదకొండు నల్ల ప్లాస్టిక్ కుండీలకు 1,320, కలిపి ఉంచిన మట్టి పది బస్తాలకు 1,500, బండి కిరాయి, నాటే కూలి కలిపి 600. చివరికి చేతికి వచ్చిన కాగితం మీద 5,480 అని ఉంది. అంటే మొక్కల కోసమని వెళ్లి, మొక్కలు కాని వాటికే ఎక్కువ ఖర్చు పెట్టాను. ఏడాది తిరిగాక చూస్తే తేలింది ఏమిటంటే, ఆ నర్సరీలో కొనదగినవి మొక్కలే. మిగిలినదంతా నేను బయట ఇంతకంటే మంచిది, ఇంతకంటే చవకగా తెచ్చుకోగలిగేదాన్ని.

మొక్కలు కొనడానికి ఆ చోటు మంచిదని చెప్పడానికి కారణం అక్కడ పనిచేసే ఒక పెద్దాయన. కడియం ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. తూర్పు గోదావరి నర్సరీలలో చిన్నప్పటి నుంచి అంటు కట్టిన చేతులు. నేను నిండుగా విచ్చిన నారింజ రంగు పువ్వు ఉన్న మొక్క దగ్గర ఆగిపోతే, ఆయన వచ్చి, "అమ్మగారూ, పువ్వు చూడకండి, కింద చూడండి. ఆయ్, అంటు కట్టిన చోటు చూడండి" అని కవరు పక్కకు వంచి చూపించారు. అమ్మకానికి వచ్చే హైబ్రిడ్ గులాబీ దాదాపు ఎప్పుడూ రెండు మొక్కల కలయిక. కింద వేరుమూలంగా మొండి జాతి గులాబీ ఒకటి ఉంటుంది. దాని బెరడును టి అక్షరం ఆకారంలో చీల్చి, మనకు కావలసిన రకం కన్నును, అంటే ఆకు మొదట్లో ఉండే చిగురు మొగ్గను, కొద్దిపాటి బెరడుతో సహా అందులో దూర్చి, పట్టీ చుడతారు. కన్ను అతుక్కుని చిగురించాక పైన ఉన్న మొండి జాతి కొమ్మను కోసేస్తారు. ఆ అతుకు గట్టిపడి, దాని పైనుంచి కనీసం రెండు మూడు బలమైన కొమ్మలు వేరువేరు దిక్కులకు పోయి ఉంటే మొక్క నిలుస్తుందని, అతుకు దగ్గర బెరడు నల్లబడినా, పట్టీ విప్పకుండా వదిలేయగా అది కొమ్మలోకి దిగి నొక్కుతున్నా వద్దనాలని ఆయన నాకు అక్కడే నేర్పారు.

నేర్పినది నేను పూర్తిగా పాటించి ఉంటే ఈ సమీక్ష ఇంకొంచెం పొట్టిగా ఉండేది. ఆయన ఏరి ఇచ్చినవి ఏడు. పువ్వు చూసి మనసు పారేసుకుని నేను ఏరుకున్నవి నాలుగు. ఆయన ఇచ్చిన ఏడూ ఉన్నాయి. నేను ఏరుకున్న నాలుగూ పోయాయి.

ఆ నారింజ రంగు పువ్వు మొక్క మొదట పోయింది. అది బెంగళూరు వైపు నుంచి వచ్చిన సరుకు అని యజమానే చెప్పారు. అక్కడి చల్లని గాలిలో, నీడ వల కింద, కొలిచి పోసిన ఎరువు నీళ్లతో పెరిగి, పూర్తి పూతలో లారీ ఎక్కిన మొక్కకు గుంటూరు డాబా కొత్త లోకం. ఉన్న పువ్వు వారం నిలిచింది, తరువాత ఆకు రాలింది, ఫిబ్రవరికి కొమ్మ ఎండిపోయింది. కుండీ బోర్లించి చూస్తే లోపల జిగట మట్టి ముద్ద ఇటుకలా గట్టిపడి కనిపించింది. వేళ్లన్నీ ఆ ముద్దలోనే చుట్టుకుని ఉన్నాయి, చుట్టూ పోసిన కొత్త మట్టిలోకి ఒక్కటి కూడా రాలేదు. పైనుంచి పోసిన నీళ్లు ముద్ద పక్కల నుంచి జారి అడుగు రంధ్రం గుండా పోయేవి. కుండీ తడిగానే కనిపించేది, వేరుకు మాత్రం చుక్క అందేది కాదు. నాటడానికి వచ్చిన కుర్రవాడు కవరు చింపి, ముద్దను ఉన్నదున్నట్టు దించి, మట్టి కప్పి వెళ్లిపోయాడు. పక్కన నిలబడి చూస్తూ కూడా నేను అడ్డు చెప్పలేదు. ముద్దను బకెట్టు నీళ్లలో కాసేపు నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా విడదీసి నాటడానికి మొక్కకు పది నిమిషాలు పడుతుంది. పదకొండు మొక్కలను ఆ కుర్రవాడు గంటలోపే నాటేశాడు. నాటే కూలి తీసుకునే నర్సరీ అయితే ఈ ఒక్క పని తమ కుర్రవాళ్లకు నేర్పాలి. అది చేయనప్పుడు ఆ సేవకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

పసుపు రంగు హైబ్రిడ్ టీ మేలో పోయింది. ఇందులో నర్సరీ తప్పు సగమే. డాబా మీద పడమటి పిట్టగోడకు ఆనించి నల్ల ప్లాస్టిక్ కుండీ పెట్టినది నేను. అయితే ఆ కుండీ గులాబీకి అన్నిటికంటే మంచిదని చెప్పి అమ్మినది వారు. నలుపు ఎండను పీలుస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు కుండీ గోడను చేత్తో ముట్టుకోలేకపోయాను, లోపల వేరు ఏమై ఉంటుందో వేరే చెప్పాలా? మిగిలిన వాటిని కాపాడుకోవడానికి రోహిణి కార్తె రాకముందే యాభై శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టించి, కుండీలను గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరిపి, చుట్టూ గోనె పట్టాలు చుట్టి తడిపాను. ఆ గోనెలు తెలిసినవారి ఇంటి నుంచి తెచ్చిన పాత మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయలు నింపిన బస్తాలు. దులపకుండా చుట్టిన మొదటి రోజు ఇంటిల్లిపాదీ తుమ్ముతూ దగ్గుతూ గడిపాము. ఈ ఉపాయం పాటించేవారు ముందు వాటిని రెండుసార్లు ఉతకండి. మట్టి కుండీ కొనుక్కుంటే ఈ బాధ ఉండదు. దాని గోడలలోంచి చెమ్మ ఆరుతూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది, నీళ్లు మాత్రం కొంచెం తరచుగా పోయాలి.

ఇప్పుడు తీగ గులాబీ విచిత్రం. మెట్ల పక్క ఇనుప ఊచలకు పాకిద్దామని కొన్న ఎర్ర తీగ అది. జూన్‌లో తొలకరి పడగానే అడుగు నుంచి రెండు పిలకలు లేత ఆకుపచ్చగా, ఏపుగా, వారానికి జానెడు చొప్పున లేచాయి. మొక్కకు బలం వచ్చిందని సంతోషించి వాటినే ఊచలకు కట్టాను. ఆగస్టుకు అసలు కొమ్మలు సన్నబడి ఎండిపోయాయి, పిలకలు మాత్రం మెట్ల పైదాకా పోయాయి, ఒక్క మొగ్గ లేదు. అవి అంటు కింద నుంచి, అంటే వేరుమూలం నుంచి లేచిన పిలకలు. గులాబీ అంటులో అడుగు జాతి సాధారణంగా పై జాతి కంటే మొండిది. దానికి అవకాశం ఇస్తే అన్నం అంతా అదే తినేస్తుంది. అలాంటి పిలకను చూడగానే మట్టి కొద్దిగా తవ్వి, అది పుట్టిన చోట నుంచే లాగి పీకేయాలి. పైపైన కత్తిరిస్తే ఒకటికి నాలుగు వస్తాయి. ఫోటో తీసుకుని నర్సరీకి వెళ్లాను. రసీదు వెనుక, అమ్మిన మొక్కకు బాధ్యత లేదని అచ్చు వేసి ఉంది. అయినా యజమాని ఫోటో చూసి, అంటు మట్టిలో కూరుకుపోయేలా నాటింది తమ కుర్రవాడే కాబట్టి పిలక ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించలేదని తానే ఒప్పుకుని, మరో తీగ మొక్క ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. ఇది వారి పక్షాన తప్పక చెప్పవలసిన మాట.

పన్నీరు గులాబీకి ఈ బెడద లేదు. అది కొమ్మ నాటి పెంచిన మొక్క, అంటు లేదు. అడుగు నుంచి ఎన్ని పిలకలు వచ్చినా అన్నీ అదే. దాన్ని ఒక్కదాన్నే కుండీలోంచి తీసి ఇంటి ముందు నేలలో, మా నల్లరేగడిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలవకుండా గట్టు కాస్త ఎత్తు చేసి పెట్టాను. అరవై రూపాయల మొక్క. రేకులు పల్చన, పువ్వు మధ్యాహ్నానికి వాడుతుంది, పూలదండ కట్టేవారు దాన్ని చూడనైనా చూడరు. కానీ ఉదయం పూజకు కోసేటప్పుడు వచ్చే వాసన మూడు వందల మొక్కకు లేదు. ఒకే మొక్క కొనగలిగినవారు నన్ను అడిగితే దీన్నే కొనమంటాను.

రకాల పేర్ల విషయంలో ఈ నర్సరీ మీద నాకు మిశ్రమాభిప్రాయం ఉంది. నాలుగు హైబ్రిడ్ టీలలో రెండింటికే పేరు ఉంది. డబల్ డిలైట్ అని చీటీ ఉన్నది నిజంగా డబల్ డిలైటే అయింది: మీగడ రంగు రేకులు, ఎండ సోకిన కొద్దీ అంచుల నుంచి లోపలికి పాకే ఎరుపు, గది నిండే వాసన. ఇది 1977లో అమెరికాలో విడుదలైన రకం. అందానికి ఎంత పేరు ఉన్నదో నల్లమచ్చ తెగులుకు లొంగడంలోనూ అంత పేరు ఉంది, సెప్టెంబరు ముసుర్లలో సగం ఆకు రాల్చి ఆ మాట నిలబెట్టుకుంది. గ్లాడియేటర్ కూడా చీటీకి తగినట్టే పెద్ద ఎర్ర పువ్వు పూసింది. తెల్లని ఐస్‌బర్గ్ 1958లో జర్మనీలో కోర్డెస్ వారు తెచ్చిన ఫ్లోరిబండా. వాసన దాదాపు లేదు, ముళ్లు తక్కువ, గుత్తికి గుత్తి పూస్తూనే ఉంటుంది, నా దగ్గర ఉన్నవాటిలో ఇంతగా పూసినది మరొకటి లేదు. మిగిలినవాటికి చీటీ మీద పువ్వు బొమ్మ తప్ప పేరు లేదు. గోధుమ శాస్త్రవేత్తగా, భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన బి.పి. పాల్ తన తీరిక సమయంలో మన ఎండలలో పెరిగే గులాబీలను ఎన్నింటినో సృష్టించారు. హోమీ భాభా పేరు పెట్టిన తెల్ల గులాబీ వాటిలో ఒకటి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన మోహిని వంటివి కూడా ఉన్నాయి. అలాంటివి ఒక్కటైనా ఉన్నాయా అని అడిగితే యజమాని ఆ పేర్లు వినలేదన్నారు. కొనేవారు రంగు చెప్పి అడుగుతారు, పేరు ఎవరు అడుగుతారమ్మా అన్నారు. నిజమే కావచ్చు. పేరు రాసి పెడితే కదా అడగడం నేర్చుకునేది.

కలిపిన మట్టిలో కొబ్బరి పొట్టు వాటా ఎక్కువ. వేసవిలో అది మేలే చేసింది. వానాకాలంలో మూడు రోజులు వాన కురిస్తే మరో వారం దాకా బురదలా ఉండిపోయింది. జూలైలో నాలుగు కుండీలను విప్పి, ఎర్రమట్టి, ముతక ఇసుక, వేపపిండి కలిపి మళ్లీ నాటుకోవలసి వచ్చింది. మట్టితో పాటు గులాబీ మందు అని చెప్పి పేరు లేని గుళికల పొట్లం ఒకటి ఉచితంగా ఇచ్చి, వారానికి ఒక చెంచా వేయమన్నారు. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. దాని మీద వారం వారం గుళికలు పడేసరికి రెండు నెలలకు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. అది ఇనుము అందని గుర్తు. మట్టిలో ఉప్పు, సున్నం పెరిగితే అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. నర్సరీకి ఫోన్ చేస్తే మందు మోతాదు పెంచమన్నారు. ఆ సలహా వినకపోవడం ఈ ఏడాది నేను చేసిన మంచి పనులలో ఒకటి. గుళికలు మానేసి, కుండీ అడుగు నుంచి ధారగా పోయేదాకా కుళాయిలో వచ్చే మునిసిపల్ కృష్ణ నీళ్లు పోసి ఉప్పు కడిగి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లాను. వారం వారం మూడుసార్లు చల్లాక కొత్త ఆకు పచ్చగా వచ్చింది.

పురుగుమందుల విషయంలో వారి పద్ధతి ఇంకా నచ్చలేదు. గుంటూరు చుట్టూ మిరప చేలు. మిరపను పీల్చే తామర పురుగే గులాబీనీ పీలుస్తుంది. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప రైతులను ఎంత ఏడిపించిందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. జనవరి నుంచి మార్చి దాకా మా డాబా మీద లేత రంగు మొగ్గలు అంచులు మాడి, విచ్చకుండానే ముడుచుకుపోయాయి. రేకు విప్పి తెల్ల కాగితం మీద దులిపితే నూగులాంటి పురుగులు పరుగెత్తాయి. నర్సరీలో చూపిస్తే లేబుల్ లేని చిన్న సీసాలో తెల్లటి ద్రవం ఇచ్చి 200 రూపాయలన్నారు. అందులో ఏముందో, ఎంత విషమో, చల్లిన ఎన్ని రోజులకు పువ్వు కోయవచ్చో తెలియదు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం లేబుల్ లేకుండా మందు అమ్మడం నేరం. విషతీవ్రతను ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులతో సీసా మీద చూపాలి. పసిపిల్లలు తిరిగే డాబా మీద చల్లే మందుకు ఆ గుర్తు అయినా ఉండాలి కదా. నేను కొనలేదు. రైతులు మిరపలో పెట్టే నీలి జిగురు అట్టలు మొక్కల మధ్య కట్టి, మాడిన మొగ్గలను కోసి మూట కట్టి పారేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను సబ్బు నీళ్లలో బాగా గిలక్కొట్టి వారానికోసారి చల్లాను. పూర్తిగా పోలేదు. ఏప్రిల్ ఎండలు ముదిరాక వాటంతట అవే తగ్గాయి.

ఇక కత్తిరింపు. అక్టోబరు రెండో వారంలో 500 రూపాయలకు ఒక మనిషిని పంపారు. కోతలు బాగా తెలిసినవాడే. ఎండిన పుల్లలు, లోపలికి వంగిన కొమ్మలు తీసేసి, బయటి వైపు చూసే కన్నుకు పావంగుళం పైన ఏటవాలుగా కోశాడు. లోపం వేరే చోట ఉంది. అంతకుముందు ఎవరింట్లోనో కోసి వచ్చిన కత్తెరను తుడవలేదు, కోసిన చివరలకు ఏమీ పూయలేదు. అడిగితే వాన లేదు కదమ్మా అన్నాడు. పది రోజులకు ఎర్ర ఫ్లోరిబండా కోతల చివర నుంచి నల్లబడటం మొదలై, కొమ్మ కొమ్మే కిందికి ఎండుతూ దీపావళి దాటేసరికి అంటు దాకా దిగింది. అది నేను ఏరుకున్న నాలుగో మొక్క. అతుకు దగ్గర పట్టీ నొక్కుకుపోయినది కూడా అదే. అంచేత నేరమంతా కత్తెర మీదే వేయలేను. మిగిలిన వాటికి నేనే స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో చివరలు మళ్లీ కోసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో ముద్ద పూశాను. కత్తిరించిన నలభై అయిదు రోజులకు, నవంబరు చివరి వారంలో, ఐస్‌బర్గ్ మొదట విచ్చింది, తరువాత గ్లాడియేటర్, ఆ వెనుక మిగిలినవి.

మార్కులు వేయమంటే మొక్కలకు అయిదుకు నాలుగు, మొక్క మార్చి ఇచ్చిన మర్యాదకు అయిదు, మట్టికి రెండు, నాటే పనికి ఒకటి, సలహాలకూ మందులకూ సున్నా. గుంటూరు, మంగళగిరి వైపు వారు మొక్కల కోసం నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. నవంబరు, డిసెంబరులలో, ఉదయం పూట, పూత లేని మొక్కలున్నప్పుడు వెళ్లడం మేలు. కవరు పక్కకు వంచి అతుకు చూడనివ్వమని అడగండి, కాదనరు. కుండీలు, మట్టి, గుళికలు అక్కడ కొనవద్దు.

చనిపోయిన ఎర్ర ఫ్లోరిబండా స్థానంలో ఇంకొకటి తెద్దామని మొన్న ఆదివారం వెళ్లాను. ఆ పెద్దాయన లేరు. మోకాళ్ల నొప్పులతో ఊరికి వెళ్లిపోయారని, తిరిగి వచ్చేదీ లేనిదీ సంక్రాంతి తరువాత గానీ తెలియదని చెప్పారు. ఆయన స్థానంలో ఉన్న అబ్బాయి నన్ను నేరుగా విచ్చిన పువ్వుల వరుస దగ్గరికి తీసుకువెళ్లాడు. నేను వంగి కవర్లు తిప్పుతుంటే ఏం వెతుకుతున్నారని అడిగాడు. చెప్పాను. తానూ వంగి చూశాడు. మేమిద్దరం కలిసి పద్నాలుగు మొక్కలు తిప్పి, రెండు పక్కన పెట్టాము.